మూలకణాల నారుమడి

పిల్లలూ! మీ ఇంట్లో సున్నపుకాయ ఉన్నదా? ఇప్పుడు తాంబూలం వేసుకునేవారు తగ్గారు కనక చాలా ఇళ్ళలో ఉండకపోవచ్చు. కాని బడ్డీకొట్లలో చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాలలో సున్నం ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. చూడటానికి అది వెన్నలాగా ఉంటుంది. కంట్లో పడితే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను.

అది 1986వ సంవత్సరం. నేను కొత్తగా ఉపాధ్యాయుడుగా చేరిన రోజులు. వేసవి సెలవులు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, నాలుగో తరగతి కుర్రవాడొకడు వాళ్ళ నాయనమ్మ సున్నపుకాయ జేబులో వేసుకుని బడికి వచ్చాడు. సున్నం ఎండిపోయి ఉన్నది. వాడు అందులో కాసిని నీళ్ళు పోసి, మూత బిగించి, బాగా ఆడించి, మూతను గట్టిగా లాగాడు. సున్నం చివాలున లేచి వాడి ఎడమ కంట్లో పడింది.

మేమంతా పరుగెత్తుకు వచ్చాం. ఒకరు పంచె కొంగుతో కన్ను తుడిచారు. ఒకరు ఆముదం వెయ్యమన్నారు. నేను బండి కోసం పరుగెత్తాను. బడి ఆవరణలో పది అడుగుల దూరంలో బావి ఉన్నది. ఒక చేదెడు నీళ్ళు తోడి ఆ కన్ను కడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. పట్నం చేరటానికి రెండు గంటలు పట్టింది. అక్కడ డాక్టరుగారు కన్ను కడిగి, "ఈ పని అప్పుడే చేసి ఉంటే ఎంత బాగుండేది!" అన్నారు.

వాడి నల్లగుడ్డు మీగడ కట్టినట్టు తెల్లబడిపోయింది. కొన్నేళ్ళకు, చనిపోయిన వారెవరో దానం చేసిన కంటి పొరను వాడికి అమర్చారు. కొద్ది నెలలు బాగానే కనిపించింది. తరవాత అదీ తెల్లబడింది. వాడి తండ్రి నా దగ్గరికి వచ్చి, "మేష్టారూ, కొత్త అద్దం బిగించినా ఎందుకు మసకేసింది?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు.

ఆ జవాబు నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. అదే మీకు చెబుతాను.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలాగా ఒక పొర ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. దాని పైభాగం రోజూ కొంచెం కొంచెం అరిగిపోతుంది. అరిగినంతా మళ్ళీ కొత్తగా వస్తుంది. ఎక్కడి నుంచి? నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసేచోట, ఉంగరంలాంటి అంచులో, కొన్ని ప్రత్యేకమైన జీవకణాలున్నాయి. వాటిని మూలకణాలంటారు. మూలకణం పెరిగి రెండుగా చీలుతుంది. చీలినవాటిలో కొన్ని మూలకణాలుగానే ఉండిపోతాయి. మిగిలినవి పనిలోకి పోతాయి. అందుచేత విత్తనం ఎప్పటికీ అయిపోదు. మన ఎముకల లోపలి మూలుగలోనూ, చర్మంలోనూ కూడా ఇటువంటి మూలకణాలున్నాయి.

సున్నం ఆ కుర్రవాడి కంటి అంచును కాల్చేసింది. అంటే పొలం పాడవటమే కాదు, నారుమడి కూడా కాలిపోయిందన్నమాట. నారు లేనిచోట కలుపు లేస్తుంది. తెల్లగుడ్డు మీది పొరా, దానితోపాటు సన్నని నెత్తుటి నాళాలూ నల్లగుడ్డు మీదికి పాకివచ్చాయి. మధ్యలో కొత్త పొర అమర్చినా, దాని పైభాగం అరిగిపోయినప్పుడు కొత్త కణాలను పంపే మూలకణాలు లేవు. ఆ తండ్రి ప్రశ్నకు జవాబు ఇదే.

అయితే రెండో కన్ను బాగానే ఉన్నది గదా! దాని అంచు నుంచి ఆవగింజంత ముక్క తీసి, బయట నారు పెంచి, పాడైన కంటిలో నాటితే? ఆలోచన చాలా బాగుంది. కాని నారు పెంచాలంటే మట్టీ నీరూ కావాలి. "నారు పోసినవాడు నీరు పోయడా?" అని మన సామెత. ఇక్కడ చిక్కంతా ఆ నీటిలోనే వచ్చింది.

జీవకణాలను ఒంటి బయట బతికించటం 1907లో అమెరికాలో రాస్ హారిసన్ అనే శాస్త్రజ్ఞుడు చేసి చూపించాడు. ఆయన కప్ప పిండం నుంచి చిన్న ముక్క తీసి కప్ప శోషరసపు చుక్కలో ఉంచితే, దాని నుంచి నరపు పోగులు సాగటం సూక్ష్మదర్శినిలో కనిపించింది. అప్పటినుంచి కణాలకు ఆహారంగా జంతువుల రక్తపు తేటనూ, పిండాల రసాన్నీ వాడటం అలవాటయింది. రక్తం గడ్డకట్టిన తరవాత పైకి తేలే పసుపుపచ్చని తేటను సీరం అంటారు. అందులో ఏమేమి ఉన్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదు. కాని అది పోస్తే కణాలు పెరుగుతాయి. అది చాలుననుకున్నారు.

అది చాలదని తెలిపే కథ ఒకటున్నది. 1912 జనవరిలో న్యూయార్కులో అలెక్సిస్ కారెల్ అనే పేరుపొందిన శాస్త్రజ్ఞుడు గుడ్డులోని కోడిపిల్ల గుండె నుంచి చిన్న ముక్క తీసి గాజుపాత్రలో పెంచసాగాడు. ఆ కణాలు పెరుగుతూనే పోయాయి. కారెల్ 1944లో చనిపోయాడు. కణాలు మాత్రం 1946 దాకా, అంటే 34 ఏళ్ళు బతికాయి. కణాలకు చావే లేదని లోకమంతా నమ్మింది. కాని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, మామూలు మనిషి కణాలు సుమారు 50 సార్లు చీలి ఆగిపోతాయని చూపించారు. మరి కారెల్ కణాల సంగతేమిటి? వాటికి ఆహారంగా కోడి పిండాల రసం పోస్తూ వచ్చారు. ఆ రసంలోనే బతికి ఉన్న కొత్త కణాలు కొన్ని కలిసి వచ్చి ఉంటాయని తరవాతివారు చాలామంది అనుకున్నారు. పోస్తున్న నీటిలో ఏమున్నదో తెలియక, ముప్ఫై ఏళ్ళకు పైగా ఎంత పెద్దవాళ్ళు పొరబడ్డారో చూశారా?

మనిషి కణాలను పెంచటం ఇంకా కష్టం. 1975లో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. చుంచెలుక కణాలను పాత్ర అడుగున పరిచి, అవి చీలకుండా వాటిమీద వికిరణం ప్రసరింపజేశారు. అవి బతికి ఉంటాయి గాని పెరగవు. దాదులలాగా ఆహారం అందిస్తాయి. వాటి మీద మనిషి చర్మకణాలు చక్కగా పెరిగాయి. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలె డె లూకా అనేవారు ఇదే పద్ధతిలో కంటి అంచు మూలకణాలను పెంచి ఇద్దరు రోగుల కళ్ళకు అమర్చారు. చూపు వచ్చింది! ఎంతో గొప్ప విషయం. అయితే ఆ నారుమడిలో మట్టి చుంచెలుకది, నీరు దూడది. సీరాన్ని కబేళాలలో కోసిన చూడి ఆవుల కడుపులోని దూడల రక్తం నుంచి తీసేవారు.

"పని జరిగిందిగదా, మట్టి ఎక్కడిదయితేనేం?" అని మీరడగవచ్చు. మీ ఊళ్ళో రైతు నడగండి, చెబుతాడు. నారు పీకి నాటేటప్పుడు వేళ్ళకు నారుమడి మట్టి కూడా అంటుకుని వస్తుంది. నారుమడిలో తెగులుంటే అది పొలానికి చేరుతుంది. ఇక్కడా అంతే.

మొదటి చిక్కు రోగాల భయం. 1986లో ఇంగ్లండులో పశువులకు మెదడును పాడుచేసే వింత రోగం ఒకటి ఉన్నట్టు గుర్తించారు. పదేళ్ళ తరవాత, 1996లో, అది మనుషులకు కూడా సోకినట్టు ఆ దేశప్రభుత్వం ప్రకటించింది. ఆ రోగాన్ని కలిగించే పదార్థం కాచినా చావదు. దూడ సీరం వాడే వైద్యులందరికీ గుండెలు గుభేలుమన్నాయి.

రెండో చిక్కు నిలకడ లేకపోవటం. ఒక మంద సీరం ఇంకొక మంద సీరంలా ఉండదు. ఇవాళ పెరిగిన కణాలు రేపు కొత్త సీసా తెరిస్తే ముడుచుకుపోవచ్చు. అమ్మ చారు రోజూ ఒకే రుచిగా ఉంటుంది. ఎందుకంటే ఏది ఎంత వెయ్యాలో అమ్మకు తెలుసు. ఇక్కడ వంట చేసేవాడికే దినుసులు తెలియవు.

మూడో చిక్కు అన్నిటికంటె విచిత్రమైనది. అది చెప్పేముందు ఇంకొక రకం మూలకణాలను గురించి చెప్పాలి. కంటి అంచు మూలకణం కంటి పొరను మాత్రమే తయారుచేస్తుంది. కాని కొద్ది రోజుల వయసున్న పిండంలో ఒంటిలోని ఏ కణంగానైనా మారగల మూలకణాలుంటాయి. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ అనే ఆయన వాటిని మొదటిసారిగా వేరుచేసి పెంచాడు. సంతానం కోసం వైద్యం చేయించుకున్న దంపతులు, తమకు అవసరం లేక మిగిలిన పిండాలను ఇష్టపూర్వకంగా ఇచ్చారు. పిండాలను ఇలా వాడటం న్యాయమా అని వాదించినవారు ఆనాడు ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 2007లో జపానులో షిన్యా యమనక బృందం, అమెరికాలో థామ్సన్ బృందం మనిషి చర్మకణాలనే అటువంటి మూలకణాలుగా మార్చగలిగారు. యమనకకు 2012లో నోబెల్ బహుమానం వచ్చింది. థామ్సన్ మొదట పెంచిన కణాలకు కూడా దాదులు చుంచెలుక కణాలే, ఆహారం దూడ సీరమే.

ఇప్పుడు మూడో చిక్కు వినండి. 2005లో శాన్‌డియేగో నగరంలో అజిత్ వర్కీ, ఫ్రెడ్ గేజ్ అనేవారు తమ సహచరులతో కలిసి ఈ మూలకణాలను పరీక్షించారు. ఈ వర్కీ మన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదువుకున్నవాడే. జీవకణం మీద ముళ్ళలాగా చక్కెర గొలుసులుంటాయి. ఆ గొలుసుల చివరన ఉండే ఒక రకం చక్కెర ఆవుకూ ఎలుకకూ ఉన్నది; మనిషి శరీరం దాన్ని తయారుచెయ్యలేదు. మనిషి చక్కెరకూ దానికీ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు మాత్రమే! ప్రయోగశాలలో పెరిగిన మనిషి మూలకణాలు ఆ ఆవు చక్కెరను, ఎలుక చక్కెరను తిని, తమ ఒంటి మీద తొడుక్కున్నాయి. మన రక్తంలో ఆ పరాయి చక్కెరను పట్టుకునే కాపలాదారులు ఉంటారు. వారు ఆ కణాలను పరాయివనుకుని పట్టుకున్నారు. చూశారా! సొంత మనిషే పరాయి చొక్కా తొడుక్కుని వస్తే కుక్క మొరిగినట్టయింది.

కనక మనిషి ఒంట్లో నాటబోయే కణాలకు పెట్టే ఆహారంలో తెలియని వస్తువు ఒక్కటీ ఉండరాదు. ఈ సంగతి శాస్త్రజ్ఞుల మనసుల్లో బాగా నాటుకున్నది.

థామ్సన్ వద్ద పనిచేసే టెన్నిల్ లుడ్విగ్ అనే ఆవిడా, ఆమె తోటివారూ 2006లో జంతు పదార్థాలు లేని మొదటి ఆహారాన్ని ప్రకటించారు. దాదులుగా ఎలుక కణాలు లేవు; పాత్ర అడుగున మనిషి ప్రొటీన్ల పూత వేశారు. ఇందులో వాడిన ఆల్బుమిన్ అనే ప్రొటీను కూడా మనిషి రక్తం నుంచి తీసినదే. ఈ పద్ధతిలో రెండు కొత్త కణవంశాలను పెంచారు గాని, వాటిలో ఒకదానికి మొదటినుంచీ ఒక క్రోమోసోము ఎక్కువ ఉన్నది. రెండోదానికి కొన్ని నెలల తరవాత ఎక్కువ వచ్చింది. ఆ లోపాన్ని వారు దాచలేదు. శాస్త్రంలో ఓటమిని కూడా లెక్కలో రాయాలి.

తరవాత అదే విశ్వవిద్యాలయంలో గ్వోకై చెన్ మొదలైనవారు ఒక్కొక్క దినుసే తీసేసి చూడసాగారు. చిత్రమేమంటే, ఆల్బుమిన్ తీసేస్తే కణాలు చచ్చేవి. ఆల్బుమిన్ తప్పనిసరి అనుకున్నారు. తీరా చూస్తే, ఆహారంలో వేసిన ఇంకొక రసాయనం కణాలకు విషమవుతున్నది. ఆల్బుమిన్ ఆ విషం నుంచి కాపాడుతున్నది. రెంటినీ తీసేస్తే కణాలు హాయిగా పెరిగాయి! పులుపెక్కువైందని బెల్లం వేసి, బెల్లం ఎక్కువైందని ఉప్పు వేసే వంటవాడి కథలాగా లేదూ?

2011లో వారు చెప్పిన వంటకంలో ఎనిమిదే వస్తువులు. మొదటిది ఆధార ద్రవం. అందులో లవణాలు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు ఉంటాయి. రెండోది ఇన్సులిన్. మూడోది ఇనుమును మోసుకువచ్చే ట్రాన్స్‌ఫెరిన్. నాలుగోది సెలీనియం. అయిదోది ఉసిరికాయలో ఉండే సి విటమిన్. ఆరు, ఏడు కణాలకు కబురు చెప్పే ప్రొటీన్లు. "అప్పుడే ఏ పనిలోనూ చేరకండి, మూలకణాలుగానే ఉండి పెరగండి" అని అవి చెబుతాయన్నమాట. ఎనిమిదోది వంటసోడా! ద్రవం పుల్లబడకుండా అది కాపాడుతుంది. పాత్ర అడుగున విట్రోనెక్టిన్ అనే ప్రొటీను పూత వేస్తారు. ఇంతే.

ఆ ఆధార ద్రవంలో మనవాడి చెయ్యి కూడా ఉన్నది. అందులో ఉండే విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు.

"ఇన్సులిన్ జంతువుల నుంచే వస్తుంది గదండీ?" అని మీ నాన్నగారు అడగవచ్చు. పూర్వం అంతే. ఆవుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. కాని 1978లో అమెరికాలో మనిషి ఇన్సులిన్ తయారుచేసే సూత్రాన్ని సూక్ష్మజీవిలో చేర్చి, దానిచేత ఇన్సులిన్ తయారుచేయించారు. 1982లో అది మందుగా అమ్మకానికి వచ్చింది. కణాలకు కావలసిన మిగిలిన ప్రొటీన్లను కూడా ఇదే పద్ధతిలో తయారుచెయ్యవచ్చు. దూడనూ ఎలుకనూ చంపనక్కరలేదు. అయితే ఇవి చాలా ఖరీదైన వస్తువులు.

ఇక హైదరాబాదు వద్దాం. దినుసులన్నీ తూచి వెయ్యటం ఒక దారి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి మొదలైనవారు 2001 నుంచి ఇంకొక దారి తొక్కారు. రోగి బాగున్న కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీశారు. మట్టి కోసం ఎలుక దగ్గరికి పోలేదు. ప్రసవం తరవాత పారవేసే ఉమ్మనీటి పొరను తల్లులు దానమిస్తే, రోగాలు లేవని పరీక్షించి, దాన్ని పరిచారు. నీటి కోసం దూడ దగ్గరికి పోలేదు. ఆ రోగి రక్తం నుంచే సీరం తీసి పోషక ద్రవంలో కలిపారు. 10 నుంచి 14 రోజులలో పొర మీద నారు పరుచుకున్నది. దాన్ని తీసుకుపోయి పాడైన కంటిలో నాటారు. ఎవరి నారు వారిదే, ఎవరి నీరు వారిదే!

2011లో వారు పదేళ్ళ లెక్క చెప్పారు. రసాయనాల వల్లా, కాలటం వల్లా ఒక కన్ను పాడైన 200 మందికి ఈ చికిత్స చేస్తే, 142 మందికి కంటి పైపొర స్థిరంగా నిలిచింది. 58 మందికి నిలవలేదు. ఆ సంఖ్యను కూడా వారు అచ్చువేశారు. 2012లో సాంగ్వాన్‌గారి బృందం ఇంకా సులువైన పద్ధతిని ప్రకటించింది. ప్రయోగశాల అక్కరలేకుండా, ఆ చిన్న ముక్కనే మరీ చిన్న ముక్కలుగా చేసి, కంటి మీద పరిచిన ఉమ్మనీటి పొర మీద అమరుస్తారు. అక్కడే నారు, అక్కడే పొలం. అయితే రెండు కళ్ళూ పాడైనవారికి సొంత నారు దొరకదు. వారి కోసం పరిశోధనలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి.

1986లో కన్ను పోగొట్టుకున్న ఆ కుర్రవాడు ఇప్పుడు ఏభయ్యో పడికి దగ్గరపడ్డాడు. ఒక కంటితోనే చదివి, పని నేర్చుకుని, సంసారం ఈదుకొస్తున్నాడు. వాడి తండ్రి నన్నడిగిన ప్రశ్నకు జవాబు దొరికేనాటికి ఆయన లేడు. అందుకే మీకు చెప్పాను.

ఇంకొక్క మాట. మూలకణాలను పెంచటానికి పెద్ద చదువులు కావాలి. కాని వాటిని కాపాడుకోవటానికి అంత చదువు అక్కరలేదు. సున్నం గాని, యాసిడ్ గాని, మరుగుదొడ్డి కడిగే ద్రవం గాని ఎవరి కంట్లోనైనా పడితే, ఆముదాలు వెయ్యవద్దు, కన్ను నులమవద్దు, ఆస్పత్రికి తీసుకుపోదామని ముందే పరుగెత్తవద్దు. రెప్పలు విప్పి పట్టుకుని, మంచినీళ్ళు ధారగా పోస్తూ కనీసం పావుగంట, వీలయితే అరగంట కడగండి. ఆ తరవాత ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపొండి.

ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో సున్నపుకాయ గాని, సున్నం పొట్లం గాని ఎక్కడున్నదో చూడండి. చిన్నపిల్లల చేతికి అందేచోట ఉంటే, పై అల్మారాలో పెట్టమని అమ్మకు చెప్పండి.